పిల్లల మనసు సంగతి: క్లాస్ టీచర్ పని ఎంతవరకు

జూన్‌లో స్టాఫ్ మీటింగ్ పెట్టి పదో తరగతి ‘బి’ సెక్షన్ మీకు అప్పగిస్తారు. ఆ వెంటనే పోయిన ఏడాది పాస్ పర్సంటేజీ చదివి వినిపిస్తారు. సర్కారు బడి అయితే డీఈఓ ఆఫీసు రివ్యూ, ప్రైవేటు బడి అయితే మేనేజ్‌మెంట్ టార్గెట్. అడిగే తీరు వేరు, అడిగేది రిజల్టే. ఆ క్లాసులో ఎవరికి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదో, ఎవరికి బతకబుద్ధి కావడం లేదో ఆ మీటింగులో ఎవరూ చెప్పరు. నిమ్హాన్స్ వాళ్లు 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. అరవై మంది కూర్చున్న క్లాసులో నలుగురన్న మాట. ఆ నలుగురి పేర్లూ మీ అటెండెన్స్ రిజిస్టర్‌లోనే ఉంటాయి.

పటాన్‌చెరు, ఇస్నాపూర్, బొల్లారం, జిన్నారం, సంగారెడ్డి వైపు హైస్కూళ్లలో కొత్తగా క్లాస్ టీచర్ అయినవాళ్ల కోసం, ముఖ్యంగా 2024 డీఎస్సీలో ఉద్యోగం వచ్చి ఇంకా కుదురుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీరు డాక్టరు కారు, కౌన్సెలరూ కారు. ఆ పని మీద వేసుకుంటే పిల్లలకూ నష్టం, మీకూ నష్టం. అట్లాగని ‘నా సబ్జెక్టు నేను చెప్పిన, మిగతాది నాకెందుకు’ అని తప్పుకోవడానికీ వీల్లేదు. మీ పని నాలుగు ముక్కలు: కనిపెట్టడం, వినడం, సరైన చోటికి చేర్చడం, ఆ తర్వాత మళ్లీ అడగడం. మొదటి మూడూ ఎంతో కొంత అందరం చేస్తాం. నాలుగోదే వదిలేస్తాం.

ఈ హద్దు నా సొంత సిద్ధాంతం కాదు. బీహార్‌లోని నలందా జిల్లాలో ‘సెహెర్’ పేరుతో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. 74 ప్రభుత్వ హైస్కూళ్లను మూడు భాగాలు చేశారు. కొన్ని బళ్లలో బయటి నుంచి తెచ్చి శిక్షణ ఇచ్చిన కౌన్సెలర్‌తో కార్యక్రమం నడిపించారు. కొన్నింటిలో అదే కార్యక్రమాన్ని ఆ బడి టీచర్లకే అప్పగించారు. మిగతావి ఎప్పటిలాగే నడిచాయి. 2018లో లాన్సెట్‌లో ఫలితాలు వచ్చాయి. కౌన్సెలర్ ఉన్న బళ్లలో డిప్రెషన్ లక్షణాలు, పిల్లల మధ్య వేధింపులు, కొట్లాటలు తగ్గాయి. టీచర్లు నడిపిన బళ్లలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. కారణం స్టాఫ్ రూంలో కూర్చున్నవాళ్లకు ఊహించడం కష్టం కాదు. ఆరు పీరియడ్లు చెప్పి, ఎఫ్ఏ మార్కులు ఎక్కించి, ఆన్‌లైన్ అటెండెన్స్ పెట్టి, మధ్యాహ్న భోజనం లెక్క రాసిన మనిషికి ఒక పిల్లాడి గోడు వినే ఓపిక ఎంత మిగులుతుంది? పైగా మార్కులు వేసే చేతికే మనసు విప్పి చెప్పాలంటే పిల్లలకూ జంకే.

కాబట్టి మీ హెచ్ఎం ఎప్పుడైనా ‘ఒక రోజు ట్రైనింగ్‌కి పోయొచ్చినవ్ కదా, ఇకనుంచి బడికి కౌన్సెలర్‌వి నువ్వే’ అంటే మర్యాదగా ‘రిఫర్ చేసే బాధ్యత తీసుకుంటాను సార్, కౌన్సెలింగ్ నాతో కాదు’ అని చెప్పండి. ఆయుష్మాన్ భారత్ స్కూల్ హెల్త్ కార్యక్రమం కింద 2020 నుంచి బడికి ఇద్దరు టీచర్లను హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్లుగా పెట్టాలని ఉంది. అందులో మానసిక ఆరోగ్యం కూడా ఒక అంశం. మీ పేరు అందులో ఉందో లేదో ముందు కనుక్కోండి. చాలామందికి తమ పేరు రాసిన సంగతే తెలియదు.

మన కంపెనీల బెల్టులో ఏం చూడాలి

పుస్తకాల్లో రాసే లక్షణాలు ఒకటే ఉంటాయి: ఒంటరిగా ఉండటం, ఏడవడం, మార్కులు పడిపోవడం. మన దగ్గర అవి అట్లా నేరుగా కనిపించవు. మగపిల్లల్లో దిగులు ఎక్కువసార్లు కోపంగా బయటికొస్తుంది. నిన్నటిదాకా బుద్ధిగా ఉన్న పిల్లాడు చిన్న మాటకే కాలర్ పట్టుకుంటాడు. ఆడపిల్లల్లో కడుపునొప్పి, తలనొప్పి, కళ్లు తిరగడం. మూడోసారి కడుపునొప్పి అని వస్తే మాత్ర ఇచ్చి పంపించకుండా, ఏ పీరియడ్‌లో వస్తోంది, ఏ వారం వస్తోంది అని చూడండి. ఏప్రిల్ ఎండలో కూడా నిండు చేతుల చొక్కా విప్పని పిల్లను, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతున్న పిల్లాణ్ని, ‘ఇంకెన్ని రోజులు లే మేడం’ లాంటి మాటలను నవ్వులాటగా తీసుకోవద్దు. చాలా రోజులు ముభావంగా ఉండి ఒక్కసారిగా ప్రశాంతంగా మారిపోయిన పిల్లను కూడా పక్కకు పిలిచి మాట్లాడాల్సిందే.

ఇక్కడ తప్పు అంచనా ఎక్కువగా జరిగేది క్లాసులో నిద్రపోయే పిల్లల విషయంలో. ఈ ప్రాంతంలో తల్లిదండ్రులిద్దరూ కంపెనీకి పోయేవాళ్లే. అద్దెకు ఉండేది ఒకటే గది. నాన్నది నైట్ షిఫ్ట్ అయితే పగలంతా ఆ గదిలో ఆయన పడుకుంటాడు. దీపం వేయొద్దు, శబ్దం చేయొద్దు. పిల్లాడు బయట మెట్ల మీద చదువుకుంటాడు, లేదా చదవడు. అమ్మది బి షిఫ్ట్ అయితే ఆమె ఇల్లు చేరేసరికి రాత్రి పదిన్నర దాటుతుంది. అప్పటిదాకా చిన్న చెల్లెలికి అన్నం పెట్టి పడుకోబెట్టేది మీ తొమ్మిదో తరగతి అమ్మాయే. ఇంకొందరు పిల్లలు సాయంత్రం గోడౌన్లలో ప్యాకింగ్‌కు, లోడింగ్‌కు పోతుంటారు. అది వేరే సమస్య, దానికి వేరే దారి: 14 ఏళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడమే నేరం, 18 లోపు వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోవడం నేరం. రసాయనాల యూనిట్‌లో పదో తరగతి పిల్లాడు కనిపిస్తే అది కౌన్సెలింగ్ కేసు కాదు, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు చెప్పాల్సిన కేసు.

అందుకే ‘నిద్రపోతున్నావేంది’ అని నిలబెట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ‘రాత్రి ఎన్నింటికి పడుకున్నవ్, ఎందుకు అంత లేటయింది?’ పని వల్ల, ఇంటి బరువు వల్ల అయితే పిల్లలు గబుక్కున చెప్పేస్తారు. ‘పడుకుంటే నిద్ర పడ్తలేదు సార్’ అంటే మాత్రం ఆగి వినాల్సిన జవాబు. అది రెండు వారాలకు మించి సాగుతుంటే, దాంతోపాటు తిండి, ఆట, స్నేహాలు కూడా తగ్గిపోతే డాక్టరు చూడాల్సిన స్థితి.

బీహార్, ఒడిశా, యూపీ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లల సంగతి ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. వాళ్లకు ఇంట్లో ఒక భాష, గల్లీలో హిందీ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. మాట్లాడని పిల్లను మొద్దు పిల్ల అని, మాట్లాడే పిల్లాణ్ని తిక్కవాడు అని ముద్ర వేసేస్తాం. పండక్కి ఊరికి పోయి నెల దాకా రాకపోతే డ్రాపవుట్ కింద రాసేస్తాం. తిరిగొచ్చిన రోజు ‘ఇన్ని రోజులు ఎక్కడ తిరిగొచ్చినవ్’ అని పలకరిస్తే ఆ పిల్ల ఇక నోరు తెరవదు.

మొదటి మాట ఎట్లా మాట్లాడాలి

అందరి ముందు ‘నీకేమైంది’ అని అడగొద్దు. స్టాఫ్ రూంలో అసలే వద్దు, అక్కడ అడిగింది సాయంత్రానికి వాచ్‌మన్‌దాకా పోతుంది. నోటుబుక్కుల కట్ట మోయించే వంకతో పిలవండి, వరండాలో నలుగురికీ కనబడే చోట, మాట మాత్రం వినబడనంత దూరంలో కూర్చోండి. మగ టీచర్ అయితే, ఎదురుగా ఉన్నది ఆడపిల్ల అయితే, తలుపు వేసిన గదిలో ఒంటరిగా మాట్లాడొద్దు. ఆ పిల్లకు చనువున్న మేడంను పక్కన పెట్టుకోండి. ఇది అనుమానం సంగతి కాదు, ఇద్దరి భద్రత.

మొదట చూసిందే చెప్పండి: ‘పది రోజుల నుంచి నువ్వు అన్నం డబ్బా తెరవడం లేదు. నేను గమనిస్తున్న. ఏమన్నా ఇబ్బందా?’ ‘ఏం లేదు మేడం, మంచిగనే ఉన్న’ అంటుంది. మొదటిసారి అందరూ అదే అంటారు. ‘సరే, గురువారం మళ్లీ అడుగుతా’ అని చెప్పి పంపించండి. గురువారం తప్పకుండా అడగండి. నిజం ఎక్కువసార్లు ఆ రెండోసారే బయటికొస్తుంది.

చెప్పడం మొదలుపెట్టాక మనం చేసే పెద్ద తప్పు మధ్యలో దూరి ఉపన్యాసం ఇవ్వడం. ‘మీ అమ్మానాన్న కంపెనీలో ఎంత కష్టపడుతున్నరో తెలుసా?’ అన్న మాట టీచర్ల నోటికి అలవాటైపోయింది. ఆ పిల్లకు అది తెలుసు. తెలిసే కుమిలిపోతోంది. వాళ్ల కష్టానికి తాను తగనని, తాను లేకపోతే వాళ్ల బరువు తగ్గుతుందని అనుకునే స్థితిలో ఉన్న పిల్లకు మీ మాట ఇంకో రాయి. ‘మా కాలంలో అయితే’, ‘నీకన్నా కష్టాలున్నోళ్లు లేరా’, ‘ధైర్యంగా ఉండాలి’ కూడా ఇదే కోవ. వినండి, మధ్యమధ్యలో ‘ఊఁ’, ‘ఎప్పటి నుంచి?’, ‘ఇంకెవరికైనా చెప్పినవా?’ అనండి. అంతకు మించి తెలివి చూపించాల్సిన పని లేదు.

‘ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యండి’ అని పిల్ల అడుగుతుంది. ఒట్టు వేయొద్దు. ‘నీ ప్రాణానికి, నీ ఒంటికి ప్రమాదం ఉందనుకుంటే తప్పక చెప్పాల్సినవాళ్లకు చెప్తా. వాళ్లు తప్ప ఇంకెవరికీ తెలియదు. చెప్పే ముందు నీకే చెప్తా’ అనండి. మాట ఇచ్చి తప్పితే ఆ పిల్ల మీకే కాదు, రేపు ఏ డాక్టరుకూ చెప్పదు.

అనుమానం ఉంటే సూటిగా అడగాలి. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అనే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడతాం. అట్లా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. ఎవరో ఒకరు అడిగినందుకు గుండె బరువు దిగి ఏడ్చేస్తారు. ‘పిచ్చి పని చేయవు కదా?’ అని అడిగితే మాత్రం ‘చేయను’ అనే జవాబే వస్తుంది, ఎందుకంటే మీరు కోరుకున్న జవాబు ఏదో ప్రశ్నలోనే ఉంది.

‘అవును’ అంటే ఇక ఆ పూట మీ టైంటేబుల్ పక్కన పెట్టండి. పిల్లను ఒంటరిగా వదలొద్దు, బాత్రూంకు కూడా తోడు పంపండి. హెచ్ఎంకు చెప్పండి. తల్లిదండ్రుల్లో ఒకరు స్వయంగా రావాలి, అన్ననో పక్కింటివాళ్లనో నమ్మి పంపించొద్దు. వాళ్లు వచ్చేలోపు 14416 కలపండి. 2022 అక్టోబర్ నుంచి నడుస్తున్న టెలీ మానస్ నంబరు అది, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది. తెలుగులోనే కాదు, హిందీ, ఒడియా, బెంగాలీలో కూడా మాట్లాడతారు కాబట్టి వలస కుటుంబాలకు మరీ ఉపయోగం. పిల్లతో మాట్లాడించండి, ‘ఇప్పుడు నేనేం చేయాలి’ అని మీరూ అడగండి. ఇప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే, మింగి ఉంటే ఫోన్లతో కాలయాపన వద్దు. 108 పిలిచి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంటికి పంపేటప్పుడు తల్లిదండ్రులకు చెప్పాల్సిన ముఖ్యమైన మాట ఒకటుంది: ఇంట్లో ఉన్న మందులు, పురుగుల మందు, కంపెనీ నుంచి తెచ్చి పెట్టుకున్న కెమికల్ డబ్బాలు ఈ రోజే తాళంలో పెట్టాలి, లేదా ఇంట్లోంచి తీసేయాలి. ఆవేశం చాలాసార్లు కొద్ది గంటల్లో దిగిపోతుంది. ఆ గంటల్లో చేతికి అందకుండా ఉండటమే ప్రాణం నిలిపేది. ఆత్మహత్యల నివారణకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే చర్యల్లోనూ ఇది ముందుంటుంది.

తల్లిదండ్రులను పిలిచేటప్పుడు

ఉదయం పది గంటలకు ఫోన్ చేసి ‘వెంటనే రండి’ అంటే ఏమవుతుంది? నైట్ డ్యూటీ దిగి పడుకున్న తండ్రి అరగంట నిద్రతో లేచి వస్తాడు. లేదా షాప్ ఫ్లోర్ మీద ఉన్న కాంట్రాక్ట్ లేబర్ ఒక పూట కూలీ పోగొట్టుకుని వస్తాడు. బడి గేటు దగ్గరే పిల్ల చెంప పగలగొడతాడు. ఇది ఊహించి చెబుతున్నది కాదు, ఏ బడి ప్యూన్‌ను అడిగినా చెబుతాడు. ప్రాణాపాయం ఉంటే వేళాపాళా చూడకుండా పిలవాల్సిందే. లేకపోతే ముందు షిఫ్ట్ కనుక్కోండి. అడ్మిషన్ రిజిస్టర్‌లో తల్లిదండ్రుల ఫోన్ నంబర్ పక్కన కంపెనీ, షిఫ్ట్ కూడా పెన్సిల్‌తో రాసుకోండి. వారం వారం మారుతుంది కాబట్టి పెన్సిల్‌తోనే. ఇద్దరిలో ఎవరికి చెబితే మంచిదో పిల్లనే అడగండి.

మాట ఎట్లా మొదలుపెడతారన్న దాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది. ‘మీ అమ్మాయికి మెంటల్ ప్రాబ్లం ఉంది’ అంటే ఆ మాటతోనే సంభాషణ ముగుస్తుంది. ‘అమ్మా, పాపకు మూడు వారాల నుంచి నిద్ర లేదు, అన్నం తినడం లేదు, ఏడుస్తోంది. జ్వరమొస్తే డాక్టరుకు చూపిస్తాం కదా, దీనికీ డాక్టరున్నరు. మందు అవసరమో కాదో వాళ్లే చెప్తరు’ అనండి. రోగం పేరు మీరు పెట్టొద్దు. పెట్టే అర్హత మీకు లేదు, పెడితే ఆ పేరే గల్లీలో తిరుగుతుంది.

ఎక్కడికి పంపాలి? ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ మనకు ముంబై హైవే మీదే, మియాపూర్ వెళ్తే మెట్రో కూడా ఉంది. మంచి డాక్టర్లున్నారు. కానీ మొదటి మాటలోనే ‘ఎర్రగడ్డ’ అంటే తల్లిదండ్రులు కుర్చీలోంచి లేస్తారు, ఆ పేరు మన దగ్గర తిట్టుగా వాడుతున్నాం కాబట్టి. ముందు దగ్గరి దారి చెప్పండి. సంగారెడ్డిలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, దాని ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి పంపండి. పటాన్‌చెరు వైపు వాళ్లకు ఈఎస్ఐ కార్డు ఉందా అని తప్పకుండా అడగండి. నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్న కార్మికులు ఈఎస్ఐ కిందికి వస్తారు, వాళ్ల పిల్లలకూ వైద్యం అందులోనే. కంపెనీ గేటులో ప్రమాదం జరిగితేనే ఆ కార్డు పనికొస్తుందనుకునే తల్లిదండ్రులున్నారు. డిస్పెన్సరీలో చూపించి రిఫరల్ రాయించుకుంటే రామచంద్రాపురం ఈఎస్ఐ ఆసుపత్రికీ, అక్కడి నుంచి సనత్‌నగర్‌కూ దారి ఉంది. డిస్పెన్సరీలో క్యూ ఉంటుంది, కాగితం కోసం రెండుసార్లు తిరగాల్సి వస్తుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే మొదటిసారే విసిగి మానేస్తారు.

‘పోలీస్ కేసు అయితదా సార్?’ అని భయపడతారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేనే లేదు. ఆసుపత్రిలో వివరాలు రాసుకుంటారు, పోలీసులు వచ్చి అడగొచ్చు. పిల్ల మీద కేసు ఉండదు. ఈ ఒక్క మాట తెలియక ఆసుపత్రికి పోకుండా ఇంట్లో దాచిపెట్టుకునేవాళ్లున్నారు.

వైద్యానికి తల్లిదండ్రుల అంగీకారం కావాలి, 18 ఏళ్ల లోపు పిల్లలకు వాళ్లే ప్రతినిధులు. మరి బాధ పెట్టేది ఆ ఇంట్లోవాళ్లే అయితే? అప్పుడు దారి మారుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎనిమిదో తరగతి అమ్మాయి సాయంత్రం ఇంటికి పోనని ఏడుస్తోంది. రెండోసారి అడిగితే, ఇంట్లో ఉండే బంధువు ఒకతను ఒంటి మీద చేతులు వేస్తున్నాడని చెప్పింది. ఇక్కడ టీచర్లు మూడు తప్పులు చేస్తారు. నిజమా కాదా అని తామే విచారణ మొదలుపెడతారు. కుటుంబాన్ని పిలిచి ‘మీలో మీరు చూసుకోండి’ అంటారు. బడి పరువు అని హెచ్ఎం సలహాతో మూసేస్తారు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం అనుమానం ఉన్న ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా, సంస్థ బాధ్యుడైతే ఏడాది దాకా జైలు పడొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద చర్య ఉండదని కూడా అదే సెక్షన్‌లో ఉంది. ఆ పిల్ల చెప్పిన మాటలు ఆమె మాటల్లోనే రాసుకుని, తేదీ, సమయం వేసి, హెచ్ఎంకు రాతపూర్వకంగా ఇచ్చి, 1098కో 112కో చెప్పండి. జిల్లా బాలల సంరక్షణ యూనిట్, బాలల సంక్షేమ సమితి అక్కడి నుంచి చూసుకుంటాయి. పిల్లను పదిమంది ముందు పదిసార్లు చెప్పించొద్దు. హెచ్ఎం వద్దన్నా మీ బాధ్యత తీరిపోదు.

రాత, గుట్టు

ప్రతి కేసుకూ అర పేజీ చాలు: తేదీ, నేను చూసింది, పిల్ల అన్నది, నేను చేసింది, ఎవరికి చెప్పాను, మళ్లీ ఎప్పుడు అడగాలి. మీ అభిప్రాయాలు వద్దు. ‘లవ్ ఫెయిల్యూర్ కేసు’, ‘డ్రామా చేస్తుంది’ లాంటివి రాస్తే అవి రేపు ఎవరి చేతిలో పడతాయో చెప్పలేం. ఈ కాగితం టీచింగ్ డైరీలో ఉండకూడదు, హెచ్ఎం బీరువాలో తాళంలో ఉండాలి. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ‘10బి లో ఫలానా అమ్మాయిని కాస్త చూసుకోండి’ అన్న సదుద్దేశపు మెసేజ్ కూడా పెట్టొద్దు. స్క్రీన్‌షాట్‌కు సదుద్దేశం ఉండదు.

చికిత్స తీసుకుని రెండు వారాల తర్వాత పిల్ల బడికి వస్తుంది. ఆ రోజుకు ముందు క్లాసులో ఏం చెప్పాలో పిల్లతో మాట్లాడి పెట్టుకోండి. ‘జ్వరం తగ్గక రాలేదు’ అనాలనుకుంటే అదే అనండి. మిస్సయిన స్లిప్ టెస్టులు వెంటనే రాయించొద్దు. ఇంక ప్రతి పీరియడ్‌లోనూ జాలిగా చూడొద్దు, అది తిట్టుకన్నా అవమానం.

మీ చేతిలో ఉన్నది, మేనేజ్‌మెంట్ చేతిలో ఉన్నది

విశాఖపట్నంలో 2023లో ఒక నీట్ విద్యార్థిని మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు పెట్టింది. చట్టం వచ్చేదాకా ఇవే చెల్లుతాయి. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత కలిగిన కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ ఉండాలి. వందలోపైతే బయటి నిపుణులతో ఏర్పాటు ఉండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు కనబడేలా పెట్టాలి. మార్కులను బట్టి బ్యాచులుగా విడగొట్టొద్దు.

బీరంగూడ, అమీన్‌పూర్ వైపు ప్రైవేటు బళ్లలో పనిచేసేవాళ్లకు చివరి అంశం చదివితే నవ్వొస్తుంది. ‘ఐఐటీ ఫౌండేషన్’ సెక్షన్ పేరుతోనే అడ్మిషన్లు జరుగుతుంటే ఒక టీచర్ చెబితే ఆగుతుందా? ఆగదు. కానీ ఒక పేజీ లెటర్ రాసి ఇవ్వొచ్చు: తీర్పు తేదీ, మన బడిలో విద్యార్థుల సంఖ్య, కౌన్సెలర్ లేని సంగతి. బడి నిర్లక్ష్యం వల్ల పిల్లలకు హాని జరిగితే యాజమాన్యం బాధ్యత వహించాల్సి వస్తుందని ఆ తీర్పులోనే ఉంది, ఆ వాక్యం మేనేజ్‌మెంట్‌కు త్వరగా అర్థమవుతుంది. ఒంటరిగా ఇవ్వొద్దు, నలుగురు సంతకం పెట్టి ఇవ్వండి, అక్‌నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. కౌన్సెలర్ అని ఎవరినైనా తెస్తే చదువు ఏమిటో అడగండి. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు ఉండి తీరాలి. వారాంతపు మోటివేషన్ స్పీకర్ కౌన్సెలర్ కాడు. పిల్లల చేత చప్పట్లు కొట్టించి, ‘నిప్పులా మండాలి’ అని చెప్పిపోయే మనిషికి ఇచ్చే డబ్బుతో నెలకు రెండు పూటలు సరైన కౌన్సెలర్‌ను పిలవొచ్చు.

మీ చేతిలో ఉన్నది ఒకటుంది. యూరప్‌లో పది దేశాల్లో 11 వేల మంది విద్యార్థులతో జరిగిన ‘సేలే’ అధ్యయనం 2015లో అచ్చయింది. టీచర్లకు మాత్రమే శిక్షణ ఇచ్చిన బళ్లలో ఫలితం పెద్దగా లేదు. పిల్లలకే నేరుగా మానసిక ఆరోగ్యం గురించి చెప్పి, మాట్లాడించిన బళ్లలో ఆత్మహత్యాయత్నాలు సుమారు సగానికి తగ్గాయి. ఎందుకంటే ఫ్రెండ్ పరిస్థితి టీచర్ కన్నా ముందు ఫ్రెండ్‌కే తెలుస్తుంది. జూలైలో ఒక పీరియడ్ తీసుకుని మూడు సంగతులు చెప్పండి: ఫ్రెండ్ చచ్చిపోతానంటే ఆ రహస్యం దాచకూడదు, వెంటనే ఏ పెద్దవాళ్లకైనా చెప్పాలి, చెప్పినందుకు ఎవరూ తిట్టరు. బోర్డు మీద 14416 రాసి, అందరి చేత నోటుబుక్ చివరి అట్ట మీద రాయించండి.

మన ప్రాంతంలో ఇంకో సందర్భం కూడా తప్పదు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. అట్లాంటి రోజుల తర్వాత చుట్టుపక్కల బళ్లలో పిల్లలు సైరన్ వినగానే ఉలిక్కిపడతారు, నాన్న డ్యూటీకి పోతుంటే ఏడుస్తారు. మొదటి కొన్ని వారాలు ఇది సహజమే. క్లాసులో ఆ వీడియోలు చూపించి చర్చ పెట్టొద్దు. ఇంట్లోవాళ్లను పోగొట్టుకున్న పిల్లలను వేదిక మీదికి పిలిచి చెక్కులు ఇప్పించి ఫోటోలు తీయొద్దు. బడి మామూలు టైంటేబుల్‌తో నడవడమే వాళ్లకు పెద్ద ఊరట. నెల దాటినా పీడకలలు, భయం తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

రిజల్ట్ రోజు సంగతి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి, ఆ రోజుల్లో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. తెలుగులో సున్నా వచ్చిన ఒక అమ్మాయికి మళ్లీ చూస్తే 99 మార్కులు ఉన్నాయి. స్క్రీన్ మీద కనబడిన అంకె తుది మాట కాదని పిల్లలకు రిజల్ట్‌కు ముందే చెప్పాలి, ఆ రోజు చెబితే ఎవరికీ వినబడదు. రీకౌంటింగ్ ఎట్లా, సప్లిమెంటరీ ఎప్పుడు, ఫీజు ఎక్కడ కట్టాలి అన్నది చివరి పరీక్షలోపే ఒక కాగితం మీద ఇచ్చేయండి. ఫెయిల్ అవుతారని మీకు అనుమానం ఉన్న పిల్లల లిస్టు మీ దగ్గర ఎట్లాగూ ఉంటుంది. రిజల్ట్ వచ్చిన గంటలోపు మొదటి ఫోన్లు వాళ్లకే పోవాలి. టాపర్ల ఫ్లెక్సీ ఫోటో రేపైనా తీయొచ్చు. 95 వస్తుందనుకుంటే 80 వచ్చిన పిల్లను కూడా ఆ లిస్టులో రాసుకోండి, ప్రమాదం అక్కడా ఉంటుంది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నట్టు ఎన్‌సీఆర్‌బీ లెక్క. వాళ్లందరూ ఫెయిలైనవాళ్లు కారు.

ఇదంతా చేస్తే మీకు అప్రైజల్‌లో ఒక్క మార్కూ ఎక్కువ రాదు. కొందరు కొలీగ్స్ ‘నీకెందుకయ్యా’ అంటారు. పిల్లలకు మీ సొంత నంబర్ ఇచ్చి రాత్రి పన్నెండింటికి చాటింగ్ చేసే అలవాటు పెట్టుకోవద్దు. అది వాళ్లను మీ మీదే ఆధారపడేలా చేస్తుంది, మీ ఉద్యోగానికీ చిక్కు తెస్తుంది. రాత్రి పూటకు 14416 ఉంది. ఒక కేసు తర్వాత మీకే నిద్ర పట్టకపోతే ఆ నంబరు మీకూ పనిచేస్తుంది.

చివరగా ఎండాకాలం సెలవులు. ఏప్రిల్ దాకా క్రమంగా మందులు వేసుకున్న తొమ్మిదో తరగతి పిల్ల సెలవుల్లో ఊరికి పోతుంది. అక్కడ అమ్మమ్మ ‘ఇంత చిన్న వయసులో ఈ గోలీలేంది’ అని మాన్పిస్తుంది, లేదా చీటీ పటాన్‌చెరులో మరిచిపోతారు. ఉన్నట్టుండి ఆపితే మళ్లీ మొదటికి రావచ్చు. ఆఖరి పనిదినానికి వారం ముందే తల్లికి చెప్పండి: సెలవులకు సరిపడా మందులు రాయించుకోవాలి, ఓపీ చీటీ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోవాలి, డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. జూన్ 12న బడి తెరిచాక ఆ పిల్లను మొదటి వారంలోనే పలకరించండి. సెక్షన్ మారి వేరే టీచర్ దగ్గరికి పోతే, పిల్లను అడిగి, ఆ టీచర్‌కు నోటితో చెప్పి, హెచ్ఎం బీరువాలో ఉన్న కాగితం మీద కొత్త క్లాస్ టీచర్ పేరు రాయించండి.